క్షేత్ర దత్తాంశ సేకరణలో ‘స్లీప్’ ఆదేశం: స్క్రిప్టును ఆపి ఉంచే విధానాలు, పరిమితులు – అంకాపూర్ పసుపు సాగు నేపథ్యంలో ఒక వివరణ

సారాంశం

పంట క్షేత్రాలలో అమర్చిన సెన్సార్ల నుండి సమాచారాన్ని సేకరించుటకు, మార్కెట్ ధరలను నమోదు చేయుటకు, నీటి వాల్వులను నియంత్రించుటకు చిన్న చిన్న షెల్ స్క్రిప్టులను ఉపయోగించడం వ్యవసాయ విద్యార్థులలో, విస్తరణ శాస్త్రవేత్తలలో పెరుగుచున్నది. ఇటువంటి స్క్రిప్టులలో తరచుగా కనిపించే ఆదేశం ‘స్లీప్’. ఇది స్క్రిప్టును నిర్ణీత కాలం పాటు ఆపి ఉంచుతుంది. చూచుటకు అతి సులభమైన ఈ ఆదేశాన్ని అనాలోచితంగా వాడినచో నమోదుల సమయాలు తప్పడం మొదలుకొని పసుపు మడిలో నీరు నిలిచిపోవడం వరకు నష్టాలు సంభవించవచ్చును. ఈ ఆదేశం పనిచేయు తీరును, దాని పరిమితులను, తగిన ప్రత్యామ్నాయాలను అంకాపూర్ ప్రాంతపు పసుపు సాగును నమూనాగా తీసుకొని ఈ వ్యాసంలో వివరించడమైనది.

ఉపోద్ఘాతం

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ మండలంలోని అంకాపూర్ గ్రామం పసుపు, మొక్కజొన్న, ఎర్రజొన్న విత్తనోత్పత్తికి పేరు పొందినది. జిల్లాలోని కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనా స్థానం ఉన్నది. నిజామాబాద్ మార్కెట్ యార్డు దేశంలోని ప్రధాన పసుపు విపణులలో ఒకటి. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైనది. పంట పొలంలో ఉండే కాలం ఏడు నుండి తొమ్మిది నెలలు. ఇంత దీర్ఘకాలం నేల తేమ, ఉష్ణోగ్రత, గాలిలో తేమ వంటి అంశాలను మనిషి ప్రతి పది నిమిషాలకు ఒకసారి నమోదు చేయడం సాధ్యం కాదు. ఆ పనిని ఒక చిన్న కంప్యూటరు బోర్డుకు అప్పగించినప్పుడు, అది ఒకసారి కొలిచి, కొంత సేపు ఆగి, మరల కొలవవలసి ఉంటుంది. ఆ ‘కొంత సేపు ఆగుట’ అనునదే ఈ వ్యాస విషయం.

ఇందులో పేర్కొన్న క్షేత్రం బోధన కొరకు ఊహించుకొన్న నమూనా మాత్రమే: అంకాపూర్ శివారులో ఒక ఎకరం పసుపు, బిందు సేద్యం, ఒక విద్యుత్ వాల్వు, రెండు సెన్సార్లు, లినక్స్ నిర్వహణ వ్యవస్థతో నడిచే ఒక చిన్న బోర్డు ఉన్నవని అనుకొందాము. ఆదేశాల పేర్లను ఇచ్చట పలుకు తీరున తెలుగు లిపిలో ఇవ్వడమైనది. యంత్రంలో వీటిని ఆంగ్ల చిన్న అక్షరాలతో టైపు చేయవలెను.

స్లీప్ ఆదేశపు స్వరూపం

ఈ ఆదేశం 1973 నాటి యూనిక్స్ నాలుగవ రూపాంతరంలో మొదటిసారి కనిపించినది. అర్ధ శతాబ్ది గడచినను దాని రూపం మారలేదు. ‘స్లీప్’ అని వ్రాసి, ఒక ఖాళీ విడిచి, ఒక సంఖ్య ఇచ్చినచో షెల్ అన్ని సెకన్లు ఆగి, తరువాత క్రింది వరుసకు వెళుతుంది. ‘స్లీప్ 600’ అనగా పది నిమిషాల విరామం.

పాజిక్స్ ప్రమాణం ప్రకారం ఈ సంఖ్య పూర్ణాంకమై, సెకన్లలో ఉండవలెను. లినక్స్‌లో సాధారణంగా లభించే గ్ను రూపాంతరం మరికొన్ని సౌకర్యాలను ఇస్తుంది. సంఖ్య చివర ‘ఎస్’ చేర్చినచో సెకన్లు, ‘ఎం’ చేర్చినచో నిమిషాలు, ‘హెచ్’ చేర్చినచో గంటలు, ‘డి’ చేర్చినచో రోజులు. దశాంశాలను కూడ ఇది అంగీకరిస్తుంది, ‘స్లీప్ 0.5’ అనగా అర సెకను. ఒకటికి మించి సంఖ్యలు ఇచ్చినచో వాటిని కూడుకొంటుంది. ‘1ఎం’, ‘30ఎస్’ కలిపి ఇచ్చినచో తొంబది సెకన్లు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, పది నిమిషాలు అను ఉద్దేశంతో ‘ఎం’ అక్షరం మరచి ‘10’ మాత్రమే వ్రాసినచో స్క్రిప్టు పది సెకన్లే ఆగుతుంది. దోష సందేశం రాదు. దత్తాంశ ఫైలు మాత్రం అరవై రెట్లు వేగంగా నిండుతుంది. రెండవది, చిన్న బోర్డులలో వాడే కొన్ని రూపాంతరాలు ఈ అక్షరాలను, దశాంశాలను అంగీకరించకపోవచ్చును. కావున ఒక యంత్రంలో వ్రాసిన స్క్రిప్టు మరొక యంత్రంలో కూడ పనిచేయవలెనన్నచో పూర్ణాంక సెకన్లనే వాడుట క్షేమం.

ఆగి ఉన్న సమయంలో స్క్రిప్టు ప్రాసెసరును దాదాపుగా వినియోగించదు. ఏ పనియు చేయని ఖాళీ లూపును లక్షలసార్లు తిప్పి కాలం గడుపుటకును, స్లీప్ వాడుటకును ఉన్న ముఖ్య భేదం ఇదియే. ఖాళీ లూపు ప్రాసెసరును వేడెక్కించును. పైగా అది పట్టే సమయం యంత్రాన్ని బట్టి మారును. స్లీప్ మాత్రం ‘ఇంత కాలం తరువాత నన్ను లేపుము’ అని నిర్వహణ వ్యవస్థకు చెప్పి తప్పుకొనును.

గడియారమా, గుర్తా?

పసుపు ఉడకబెట్టుటను గమనించినచో స్లీప్ ఆదేశపు ప్రధాన పరిమితి సులభంగా అర్థమగును. కొమ్ములు, మండలు మెత్తబడుటకు సుమారు 45 నుండి 60 నిమిషాలు పట్టునని మనం శిక్షణ తరగతులలో చెప్పుదుము. అయితే అనుభవం గల రైతు గడియారం చూచి పొయ్యి ఆర్పడు. నురుగు పొంగి, తెల్లని ఆవిరి లేచి, పసుపు వాసన వచ్చినప్పుడు ఒక కొమ్మును తీసి పుల్లతో గుచ్చి చూచును. పుల్ల తేలికగా దిగినచో ఉడికినట్లు. గడియారం ఇచ్చునది అంచనా. పుల్ల ఇచ్చునది నిర్ధారణ.

స్క్రిప్టులలోను ఇదే భేదం ఉన్నది. సెన్సారు నుండి సమాచారం ఒక ఫైలులోనికి చేరుటకు ఇరవై సెకన్లు పట్టునని భావించి ‘స్లీప్ 20’ వ్రాసి, వెంటనే ఆ ఫైలును తెరచు పద్ధతి విద్యార్థుల పనులలో తరచుగా కనిపిస్తుంది. నెట్‌వర్కు బాగున్న రోజున అది ఐదు సెకన్లలోనే చేరును. పదిహేను సెకన్లు వృథా. నెట్‌వర్కు మందగించిన రోజున ముప్పది సెకన్లు పట్టును. అప్పుడు స్క్రిప్టు సగం నిండిన ఫైలును చదివి, ఆ సగం దత్తాంశాన్నే సరియైనదిగా నమోదు చేయును. ఈ రెండవ దోషం ప్రమాదకరమైనది, ఏలనగా అది తనను తాను చాటుకొనదు.

సరియైన పద్ధతి పుల్ల గుచ్చి చూచుట వంటిది. ‘ఫైలు సిద్ధమైనదా?’ అని పరీక్షించి, కానిచో రెండు సెకన్లు ఆగి, మరల పరీక్షించు లూపును వ్రాయవలెను. స్లీప్ ఇచ్చట కూడ ఉన్నది. కాని అది నిర్ణయం తీసుకొనదు, రెండు పరీక్షల మధ్య ఊపిరి పీల్చుకొను వ్యవధిని మాత్రమే ఇచ్చును. ఈ లూపునకు ఒక గరిష్ఠ పరిమితి తప్పక ఉండవలెను. అరవై పరీక్షల తరువాత కూడ ఫైలు రానిచో దోషాన్ని నమోదు చేసి బయటకు రావలెను. లేనిచో ఎప్పటికిని రాని ఫైలు కొరకు స్క్రిప్టు అనంతంగా వేచి ఉండును. ఇక స్క్రిప్టు తానే నేపథ్యంలో ప్రారంభించిన పని ముగియువరకు ఆగవలసి వచ్చినచో స్లీప్ అవసరమే లేదు. అందుకు షెల్‌లో ‘వెయిట్’ అను ఆదేశం ఉన్నది.

నిర్ణీత వ్యవధి తప్పక అవసరమయ్యే సందర్భాలును లేకపోలేదు. గాలి ఉష్ణోగ్రత, తేమ కొలుచు డీహెచ్‌టీ 22 సెన్సారును రెండు సెకన్లకు ఒకసారి కంటె వేగంగా చదువరాదు. ఈ కాలం సెన్సారు నిర్మాణం వలన ఏర్పడినది. దానిని పరీక్షించి తగ్గించుట సాధ్యం కాదు. ఇటువంటి చోట స్లీప్ వాడుట పూర్తిగా సమంజసం.

నమోదుల సమయాలు జరిగిపోవుట

మన నమూనా క్షేత్రంలో పది నిమిషాలకు ఒకసారి నమోదు కావలెనని, అందుకు లూపులో ‘కొలుచుట, వ్రాయుట, స్లీప్ 600’ అను మూడు వరుసలు ఉన్నవని అనుకొందాము. కొలిచి వ్రాయుటకు ఏడు సెకన్లు పట్టినచో అసలు ఆవర్తనం 600 సెకన్లు కాదు, 607 సెకన్లు. రోజుకు 86,400 సెకన్లు. కావున 144 నమోదులకు బదులు సుమారు 142 మాత్రమే వచ్చును.

లోటు స్వల్పమే అనిపించవచ్చును. కాని ప్రతి నమోదుకు సమయం వ్రాయక, వరుస సంఖ్యను బట్టి సమయాన్ని లెక్కించినచో ఏమగునో చూడవలెను. పదవ రోజు ముగింపున రావలసిన 1,440వ నమోదు 1,440 × 7 = 10,080 సెకన్లు, అనగా 2 గంటల 48 నిమిషాలు ఆలస్యంగా వచ్చును. మధ్యాహ్నం రెండు గంటల గరిష్ఠ ఉష్ణోగ్రత ఉదయం పదకొండుంబావు ప్రాంతంలో నమోదైనట్లు పట్టికలో కనిపించును. అట్టి పట్టిక ఆధారంగా పురుగుల ఉధృతినో, ఆకుమచ్చ తెగులు వ్యాప్తినో వాతావరణంతో పోల్చినచో వచ్చు ఫలితం నమ్మదగినది కాదు.

దీనికి రెండు దిద్దుబాట్లు కలవు. మొదటిది, ప్రతి నమోదు ప్రక్కన ‘డేట్’ ఆదేశంతో వాస్తవ సమయాన్ని తప్పక వ్రాయుట. రెండవది, స్థిరంగా 600 సెకన్లు ఆగుటకు బదులు తరువాతి పది నిమిషాల గీత వరకు మిగిలిన కాలాన్ని లెక్కించి అంతే ఆగుట. 1970 జనవరి 1 నుండి గడచిన సెకన్లను ‘డేట్’ ఆదేశం ఇచ్చును. ఆ సంఖ్యను 600తో భాగించగా వచ్చు శేషాన్ని 600 నుండి తీసివేసినచో ఆగవలసిన కాలం లభించును. ఉదాహరణకు సమయం 10 గంటల 3 నిమిషాల 20 సెకన్లు అయినచో శేషం 200. స్క్రిప్టు 400 సెకన్లు ఆగి సరిగా 10 గంటల 10 నిమిషాలకు మేల్కొనును. కొలుచుటకు ఏడు సెకన్లు పట్టినను, ఇరవై పట్టినను దోషం పేరుకొనదు.

ఈ లెక్కలో భారతీయ పాఠకులు గమనించవలసిన ఒక విశేషం ఉన్నది. పై సెకన్ల లెక్క అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో నడుచును. మన కాలమానం దానికంటె ఐదున్నర గంటలు, అనగా 19,800 సెకన్లు ముందుండును. ఈ సంఖ్య 600తో నిశ్శేషంగా భాగింపబడును గనుక పది నిమిషాల నమోదులకు చిక్కు లేదు. కాని గంటకు ఒక నమోదు కావలెనని 600 స్థానంలో 3,600 పెట్టినచో 1,800 శేషం మిగులును. అప్పుడు స్క్రిప్టు మన గడియారం ప్రకారం 8.30, 9.30, 10.30 గంటలకు మేల్కొనును. వర్షపాతం వలె ఉదయం 8.30 గంటలకు తీయు కొలతలకు ఇది అనుకూలమే. గంట కొట్టగానే నమోదు కావలెనన్నచో శేషం తీయుటకు ముందు 19,800 కలుపవలెను.

నమోదుల మధ్య విరామం దీర్ఘమైనప్పుడు లూపు, స్లీప్‌ల కంటె ‘క్రాన్’ అను కాలపట్టిక సేవ మేలు. అది నిర్ణీత నిమిషానికి స్క్రిప్టును క్రొత్తగా ప్రారంభించును. బోర్డు ఆగి మరల మొదలైనను పని కొనసాగును. దాని కనిష్ఠ వ్యవధి ఒక నిమిషం. అంతకంటె తక్కువ వ్యవధికి స్లీప్ అవసరమగును.

ధరల సేకరణలో మర్యాద

ఈ-నామ్ వేదిక 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైనది. దానికి పూర్వమే ఆగ్‌మార్క్‌నెట్ ద్వారా మార్కెట్ ధరలు అందుబాటులోనికి వచ్చినవి. నిజామాబాద్, దుగ్గిరాల, సాంగ్లీ, ఈరోడ్ మార్కెట్ల పసుపు ధరలను పోల్చదలచిన విద్యార్థి అనుమతించిన మార్గంలో ఆ సమాచారాన్ని స్క్రిప్టు ద్వారా కోరవచ్చును. విరామం లేక వరుసగా వందల అభ్యర్థనలు పంపినచో సర్వరుపై భారం పడును. అదే సమయంలో ధర చూచుకొను రైతుకు, వ్యాపారికి జవాబు ఆలస్యమగును. కావున ప్రతి అభ్యర్థన తరువాత కొన్ని సెకన్ల స్లీప్ ఉంచుట సాంకేతిక అవసరమే కాక మర్యాద కూడ.

జవాబు రానప్పుడు అదే వ్యవధితో పదే పదే ప్రయత్నించుట సరికాదు. మొదట 5 సెకన్లు, తరువాత 10, 20, 40, 80 సెకన్లు, ఈ విధంగా విరామాన్ని రెట్టింపు చేయుచు పోయి, ఐదు ప్రయత్నాల తరువాత విరమించి దోషాన్ని నమోదు చేయవలెను. ఒక తరగతిలోని ముప్పది మంది విద్యార్థులు ఒకే స్క్రిప్టును ఒకే నిమిషాన నడిపినచో అందరి విరామాలును ఒకేసారి ముగియును. అందుచేత విరామానికి కొన్ని యాదృచ్ఛిక సెకన్లు చేర్చుట మంచిది.

నీటి వాల్వు: అసలు పరీక్ష

ఇంతవరకు చెప్పిన దోషాల ఫలితం పట్టికలకు పరిమితం. నీటి నియంత్రణలో ఫలితం పంటపై పడును. పసుపు మడిలో నీరు నిలిచినచో దుంపకుళ్లు ఉధృతమగును. ఒకసారి కుళ్లు సోకిన దుంపను బాగుచేయుట సాధ్యం కాదు. సాధారణంగా విద్యార్థి వ్రాయు స్క్రిప్టులో మూడు వరుసలుండును: వాల్వు తెరచుట, ‘స్లీప్ 2400’, వాల్వు మూయుట. నలుబది నిమిషాల తడి. పరీక్షించిన ప్రతిసారి ఇది చక్కగా పనిచేయును.

ఆ నలుబది నిమిషాలలో స్క్రిప్టు ఆగిపోయినచో మూడవ వరుస ఎన్నటికిని నడువదు. బోర్డులోని అవుట్‌పుట్ పిన్ను సాధారణంగా చివరి స్థితిలోనే నిలిచిపోవును. వాల్వు తెరచియే ఉండును. స్క్రిప్టు ఆగుటకు కారణాలు అనేకం: దూరం నుండి అనుసంధానమై నడిపినప్పుడు ఆ అనుసంధానం తెగుట, మరొకరు పొరపాటున ప్రక్రియను ముగించుట, మెమరీ చాలకపోవుట.

గతంలో వ్యవసాయ విద్యుత్తు పరిమిత గంటలే ఉన్నప్పుడు ఇటువంటి తప్పునకు బయటి నుండి ఒక హద్దు ఉండెడిది. విద్యుత్తు పోగానే మోటారు ఆగెడిది. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైన తరువాత ఆ హద్దు తొలగినది. భూగర్భ జలాలు వృథా కాకుండ ఆటో స్టార్టర్లను తొలగించవలసినదిగా ప్రభుత్వం అప్పట్లో రైతులను కోరినది కూడ ఇందువలననే. రాత్రి తెరచిన వాల్వు తెల్లవారువరకు తెరచియే ఉండుటకు ఇప్పుడు అడ్డు లేదు.

దీనికి మూడు అంచెల రక్షణ అవసరం. మొదటి అంచె షెల్‌లోని ‘ట్రాప్’ ఆదేశం. స్క్రిప్టు ఏ కారణంగా ముగియవలసి వచ్చినను ముందుగా వాల్వు మూయు వరుసను నడుపుమని దీని ద్వారా చెప్పవచ్చును. అయితే ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. బ్యాష్ షెల్ ముందువరుసలో స్లీప్ నడుచుచుండగా ముగింపు సంకేతం వచ్చినచో, ఆ స్లీప్ పూర్తియైన తరువాతనే ట్రాప్ నడుచును. ఐదవ నిమిషంలో ఆపుమన్నను వాల్వు నలుబదవ నిమిషంలోనే మూతపడును. స్లీప్‌ను నేపథ్యంలో నడిపి, దాని కొరకు ‘వెయిట్’ ఆదేశంతో వేచి ఉన్నచో సంకేతం రాగానే వెయిట్ ముగిసి ట్రాప్ వెంటనే నడుచును. ట్రాప్‌లోనే మిగిలిపోయిన స్లీప్‌ను కూడ ముగించుట శుభ్రమైన పద్ధతి.

బలవంతపు ముగింపు సంకేతాన్ని గాని, బోర్డునకు విద్యుత్తు పోవుటను గాని ఏ ట్రాప్‌యును పట్టలేదు. కావున రెండవ అంచె: బోర్డు ప్రారంభమైన ప్రతిసారి అన్నింటికంటె ముందుగా వాల్వు మూయు ఆదేశం నడుచునట్లు ఏర్పాటు చేయుట. మూడవ అంచె పరికరానికి సంబంధించినది: విద్యుత్తు లేనప్పుడు తనంతట తాను మూసుకొను వాల్వును ఎంచుకొని, స్క్రిప్టుతో సంబంధం లేని ఒక ప్రత్యేక టైమరును వరుసలో అమర్చుట. స్క్రిప్టు నలుబది నిమిషాలు అడిగినచో టైమరు యాబదవ నిమిషాన ఏది ఏమైనను విద్యుత్తును నిలుపును. ఇందులో ఏ ఒక్క అంచెయు మిగిలిన రెంటికి బదులు కాదు.

ఇతర పరిమితులు

ల్యాప్‌టాప్‌లో స్క్రిప్టు నడుపుచు మూత వేసినచో యంత్రమే నిద్రావస్థకు వెళ్లును. లినక్స్‌లో ఆ కాలం స్లీప్ లెక్కలోనికి రాదు. పది నిమిషాల విరామం గంట తరువాత ముగియవచ్చును. అలాగే స్క్రిప్టు నిద్రించినంత మాత్రాన బోర్డు నిద్రించదు. ప్రాసెసరు ఖాళీగా ఉన్నను బోర్డు బ్యాటరీని వినియోగించుచునే ఉండును. సౌరఫలకంతో నడుచు కేంద్రాలలో బ్యాటరీ ఆదా ముఖ్యమైనచో గాఢనిద్ర సౌకర్యం గల మైక్రోకంట్రోలరును ఎంచుకొనవలెను.

గడియారం గల చిప్, దానికి బ్యాటరీ లేని బోర్డులు విద్యుత్తు పోయి వచ్చిన తరువాత పాత సమయంతో మొదలై, ఇంటర్నెట్ అందిన పిదప ఒక్కసారిగా సరియైన సమయానికి దుముకును. ఇట్టి చోట సమయం సరిదిద్దబడినదని నిర్ధారించుకొన్న తరువాతనే నమోదులు ప్రారంభించవలెను.

విండోస్ వాడువారికి ‘టైమ్‌అవుట్’ అను ఆదేశం కలదు. సాధారణ స్థితిలో ఏదైనా మీట నొక్కగానే దాని విరామం ముగియును. పవర్‌షెల్‌లో ‘స్టార్ట్-స్లీప్’ ఉన్నది. ‘పాజ్’ అనునది కాలంతో సంబంధం లేక, మనిషి మీట నొక్కువరకు ఆగును. లినక్స్‌లో మనిషి జవాబు కొరకు కొంతకాలమే వేచి ఉండవలెనన్నచో కాలపరిమితి గల ‘రీడ్’ ఆదేశాన్ని బ్యాష్‌లో వాడవచ్చును.

విస్తరణ శిక్షణకు సూచనలు

1. స్లీప్ వ్రాయుటకు ముందు ‘నేను వేచి ఉన్నది కాలం కొరకా, ఒక సంఘటన కొరకా?’ అని ప్రశ్నించుకొనవలెను. సంఘటన కొరకైనచో పరీక్ష, పరిమితి గల లూపును వాడవలెను.

2. ప్రతి స్లీప్ ప్రక్కన ఆ సంఖ్య ఎందుకు ఎంచుకొన్నదీ ఒక వ్యాఖ్యగా వ్రాయవలెను.

3. ప్రతి నమోదుకు వాస్తవ సమయం ఉండవలెను. వరుస సంఖ్య నుండి సమయాన్ని ఊహించరాదు.

4. మోటారు, వాల్వు, హీటరు వంటి వాటిని నడుపు స్క్రిప్టును విరామం మధ్యలో కావలెనని ఆపి పరీక్షించవలెను. బోర్డునకు విద్యుత్తును తొలగించి కూడ చూడవలెను. ఈ రెండు పరీక్షలు నెగ్గని స్క్రిప్టును రైతు పొలంలో అమర్చరాదు.

ముగింపు

స్క్రిప్టును ఆపుట ఒక్క పదంతో జరుగును. ఆగి ఉన్నంతసేపు పొలంలో ఏమి జరుగుచున్నదను ప్రశ్నకు ఆ పదంలో జవాబు లేదు. వాల్వు తెరచి ఉండగా స్క్రిప్టు నిద్రించుచున్నచో నీరు మాత్రం పారుచునే ఉండును. విత్తన దుంపలు మొదలుకొని కూలి వరకు భారీగా పెట్టుబడి పెట్టి, ఎనిమిది నెలలు కాపాడుకొన్న పంటను మూడు వరుసల స్క్రిప్టుకు అప్పగించుటకు ముందు, ఆ మూడవ వరుస నడువని పక్షమున ఏమగునో రైతుతో కూర్చొని చెప్పగలుగుట మన బాధ్యత. ఉడుకుచున్న పసుపును పుల్లతో గుచ్చి చూచు రైతుకు ఈ విషయం వివరించుట కష్టం కాదు. గడియారాన్ని మాత్రమే నమ్మరాదని అతనికి ముందే తెలియును.